బోర్లించిన పడవ కింద

తామ్రపురి రాజ్యానికి తూర్పున కొండలు అయిపోతాయి. అక్కడి నుంచి నేల పల్లానికి జారి జారి, తాను నేలో నీరో తేల్చుకోలేక ఆగిపోయిన చోటు ఒకటుంది. ముందు జమ్ముగడ్డి. ఏనుగు నిలబడితే అంబారీ కూడా కనపడనంత ఎత్తు, గాలి వీస్తే వెండి రంగుకు తిరిగే కంకులు, మొదళ్ళలో మోకాలి లోతు నీళ్ళు, ఆ నీళ్ళలో దుంగల్లా పడుకున్న మొసళ్ళు. జమ్ము దాటితే ఉప్పు పర్ర. కళ్ళు చెదిరే తెలుపు, పైన పెంకు, పెంకు కింద అడుగు తెలియని బురద. పర్ర దాటితే నల్లమడుగు. కాటుక కలిపినట్టుండే లోతైన నీరు, గాలితో పని లేకుండా లేచే అలలు. ఆ మడుగు నడుమ కాకిబండ. ఆ బండ మీద తామ్రపురి రాకుమారి మంజీర, పన్నెండేళ్ళ పిల్ల, మోకాళ్ళ మీద కూలబడి రెండు చేతులూ నెత్తిన అడ్డం పెట్టుకుని ఉంది. కదలదు, పలకదు. ఆ పిల్ల ఇప్పుడు ఉప్పుబొమ్మ.

ఆ పని చేసినవాడు క్షారకంఠుడనే మాంత్రికుడు. రాజగురువు పదవి ఇమ్మని అడిగాడు. గజకేతు మహారాజు ఇవ్వలేదు సరికదా, నిండు కొలువులో మెడ పట్టి గెంటించాడు. మాంత్రికుణ్ణి గెంటించే ముందు ఇంట్లో ఆడపిల్ల ఎక్కడుందో ఒకసారి చూసుకోవాలన్న ఇంగితం ఆ మహానుభావుడికి లేకపోయింది. "తొలకరి చినుకు పడేలోగా సింహాసనం దిగు. లేకపోతే నీ కూతురు కరిగి మడుగులో కలుస్తుంది" అని చెప్పి వాడు తెల్లటి దుమ్మై లేచిపోయాడు. మహారాజు సింహాసనం దిగలేదు. దిగే రకం కాదాయన. దిగినవాడు ఆయన కొడుకు శరభాంకుడు. అదీ సింహాసనం కాదు, కోటగోడ.

ఉప్పును తిరిగి మనిషిని చేయడం ఎలాగో ఎవరికీ తెలియదు. అది తరువాతి గొడవ. ముందు చెల్లెలి మీద చినుకు పడకూడదు. అందుకని శరభాంకుడు ఒక పెద్ద మైనపు గుడ్డ మడిచి గోనెసంచి అడుగున పెట్టి, పైన ఉప్పు పోసి, తలకు మాసిన పాగా చుట్టి, ఉప్పు బేరగాడి వేషంలో బయలుదేరాడు. జమ్ము ఒడ్డున ఉన్న బోర్లవాడకు అతడు చేరేసరికి పొద్దు నడినెత్తిన ఉంది. పడమటి కొండల మీద మాత్రం మేఘాలు ఒకదాని వీపు మీద ఒకటి ఎక్కుతున్నాయి.

బోర్లవాడలో ఇళ్ళకంటే పడవలు ఎక్కువ. అన్నీ ఒడ్డు పొడవునా బోర్లా పడుకుని ఉంటాయి. పడవకు ముఖం దాని అడుగే అంటారు ఆ ఊరివాళ్ళు. పై సొగసు చూసి పడవ తీసుకున్నవాడిని చూసి మూడు తరాలు నవ్వుతారు. నవ్వడం తప్ప కొత్తవాళ్ళకు వాళ్ళు చేసే మర్యాద ఇంకొకటి లేదు. తామ్రపురి పేరెత్తితే అదీ ఉండదు. గజకేతు మహారాజు తన చెరకుతోటల కోసం ఎగువన వెన్నేటికి అడ్డంగా రాతికట్ట కట్టించిన నాటి నుంచే మంచినీటి చెరువు కాస్తా ఉప్పు పర్ర అయింది. ఆ సంగతి వాళ్ళు అన్నం కలుపుకునేటప్పుడు కూడా మరిచిపోరు.

శరభాంకుడు సంచిని తడి ఒడ్డు మీద దించి చెమట తుడుచుకుంటుండగా ఒక దొంగ చేపల బుట్టతో పరుగెత్తుకొచ్చాడు. వెనక కర్రలతో నలుగురు. దొంగ మొదట కనపడిన పడవ కిందకు దూరాడు. అంతే, కర్రలు దిగిపోయాయి. ఆ పడవ గల ముసలాయన గొణుక్కుంటూ వచ్చి తెడ్డు పట్టుకుని పడవ ముందు నిలబడ్డాడు.

"నా పడవ కింద చేరాడు. వాడిప్పుడు నావాడు. పొండి."

"తాతా, వాడెత్తుకొచ్చింది నీ బుట్టే" అన్నాడొకడు.

"నాకు కళ్ళు లేవనుకున్నావా? బయటికొచ్చాక నేనే తంతాను. కింద ఉన్నంతసేపు ఎవడు చెయ్యేసినా ఈ తెడ్డు విరుగుద్ది."

శరభాంకుడికి నవ్వు ఆగలేదు. పక్కన ఒక పడవ అడుగును బాడిసతో చెక్కుతున్న మనిషి తలెత్తి చూసింది. యాభై ఏళ్ళ మనిషి, మగవాడి భుజాలు, ముక్కుకు పెద్ద నత్తు. పేరు మరిడమ్మ. ఆ ఊళ్ళో ఆమె చెక్కిన అడుగుకు వంక పెట్టినవాడు లేడు. వంక పెట్టి మిగిలినవాడు లేడన్నా తప్పు లేదు.

"ఎందుకు నవ్వుతున్నావు?" అంది.

"మా వైపు దొంగను దాచినవాడినీ దొంగతో పాటే కడతారు అక్కా."

"మీ వైపు పడవలు లేవు. బోర్లించిన పడవ కింద చేరింది పడవ గలవాళ్ళదే. దాని మంచీ చెడ్డా వాళ్ళవే. నీకేం కావాలి?"

"పడవ."

"ఉప్పు అమ్ముకునేవాడికి గాడిద కావాలి."

"గాడిద కాకిబండకు పోదు కదా."

బాడిస ఆగింది. ఒడ్డున వలలు బాగుచేసుకుంటున్న వాళ్ళు ఒక్కొక్కరే లేచి నిలబడ్డారు. ఒకడు అతని కాళ్ళ ముందు ఉమ్మేశాడు. మరిడమ్మ మాత్రం ముందు అతని సంచి వైపు, తరువాత పడమటి మేఘాల వైపు చూసి, బాడిసను నడుముకు దోపుకుంది.

"రా" అంది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. బోర్లవాడ పడవలకు తెరచాప ఉండదు. కొండల సందులో ఈదురుగాలి వీచే రోజుల్లో దున్నపోతు తోలు తిత్తులు పట్టుకుపోయి, గాలిని నిండుగా పట్టి, మంత్రపు తాడుతో మూతి బిగించి తెచ్చుకుంటారు. తిత్తిని పడవ వెనక కట్టి తాడు వదులు చేస్తే లోపలి గాలి వెనక్కి తన్నుతుంది, పడవ ముందుకు పోతుంది. చుక్కాని నీళ్ళలో ఉండదు. తిత్తి మూతి వెనక నిలువునా రెండు తాటిరేకుల పలకలు ఉంటాయి. వాటిని ఇటూ అటూ తిప్పితే పడవ తిరుగుతుంది. అయితే గాలి పడవకు వెనక్కి రావడం తెలియదు. ఆగడం అంతకన్నా తెలియదు.

మరిడమ్మ ఒక పడవ అడుగు మీద అరచేత్తో చరిచింది.

"ఇది పళ్ళెం పడవ. అడుగంతా చదును. జమ్ము మీద, బురద మీద, తడిసిన గడ్డి మీద జారుకుంటూ పోద్ది. పర్ర పెంకు మీద నీళ్ళు లేకపోయినా పోద్ది. మడుగులో పడిందా, ప్రతి అలా దాని కడుపు మీద గుద్దుద్ది. నాలుగు గుద్దులకు నీళ్ళు తాగి పడుకుంటాది."

"మరి అది?"

"వెన్ను పడవ. అడుగున ముక్కు నుంచి తోక దాకా నిలువునా గట్టు. అలను కోసుకుంటూ పోద్ది, గీత గీసినట్టు తిరుగుద్ది. పర్ర ఎక్కిందా, ఆ గట్టే పెంకును చీల్చి బురదలో దిగబడుద్ది. మొదటిది నిన్ను మడుగు దాకా తీసుకుపోయి చంపుద్ది. రెండోది మడుగు దాకా తీసుకుపోకుండా చంపుద్ది. ఎలా చావాలో నీ ఇష్టం."

శరభాంకుడు కొంచెం ఆలోచించాడు. కొంచెమే. అతడికి అంతకంటే ఎక్కువ అలవాటు లేదు. వరుస చివర చాపలు కప్పిన పడవ ఒకటి కనిపించింది. వెళ్ళి చాప లాగేశాడు. ముక్కున నిటారుగా వెన్ను. ఆ వెన్ను నడుము దాకా వచ్చి నేలలో ఇంకినట్టు ఇంకిపోయింది. అక్కడి నుంచి తోక దాకా చదును. అంచులు గుండ్రం, అడుగంతా పశువుల కొమ్ముల రేకుల తాపడం.

"దాని మీద చెయ్యి తియ్యి" అంది మరిడమ్మ.

"ఇదేం పడవ?"

"నా మొగుడి పిచ్చి. మీ తామ్..." అని ఆగింది. "తామ్రపురి రాజు నీళ్ళు కట్టేశాక చేశాడు. జమ్ము, పర్ర, మడుగు, మూడూ దాటే పడవ కావాలన్నాడు. రెండు పడవల మీద కాళ్ళు పెట్టినోడు మునుగుతాడురా అని ఊరంతా ఎకసెక్కాలు. రెండు పడవల్నీ ఒకటి చేసి కాళ్ళు పెడతానన్నాడు. అది నీళ్ళు చూడకముందే, దారి చూసొస్తానని పోయి పర్రలో దిగబడిపోయాడు. చేతులు మాత్రం పైకి ఉన్నాయంట."

"నాకు ఇదే కావాలి."

"మూడింటిలోనూ పోయేదంటే మూడింటిలోనూ కొంచెం చెడ్డదని అర్థం. బరువు ఎప్పుడు ముందుకు జరగాలో, ఎప్పుడు వెనక్కి జరగాలో తెలియాలి. నేను లేకుండా అది పోదు."

"అయితే నువ్వే రా అక్కా. ఏమిమ్మంటావు?"

"నాకు రావలసింది అక్కడ తీసుకుంటాలే" అంది మరిడమ్మ.

అంత కోపిష్టి మనిషి అంత తేలిగ్గా ఒప్పుకుంటే ఎవరికైనా అనుమానం రావాలి. శరభాంకుడికి రాలేదు. రాజుల ఇళ్ళలో పుట్టినవాళ్ళకు ఎదుటివాళ్ళు ఒప్పుకోవడం కొత్త కాదు మరి.

పడవను తిరగేశారు. మూడు తిత్తులు ఎక్కించారు. రెండు పోవడానికి, ఒకటి రావడానికి. మరిడమ్మ పలకల దగ్గర నిలబడి మొదటి తాడు లాగింది. గాలి బొబ్బరిస్తూ బయటపడింది. పడవ ఒడ్డు మీద నుంచి ఒక్క దూకు దూకి జమ్ములో పడింది.

జమ్ము రెండు వైపులా పడుకుంటూ పోయింది. కంకుల నూగు కళ్ళలోకి, నోట్లోకి కొట్టింది. ఎదురుగా నల్లటి దుంగ ఒకటి కనిపించింది. "తిప్పు" అని శరభాంకుడు అరిచేలోపే అది దుంగ కాదని తెలిసింది. మొసలి నోరు తెరిచింది. మరిడమ్మ తిప్పలేదు. కొమ్మురేకుల అడుగు ఆ మూతి మీద నుంచి ఎక్కి, వీపు పొడవునా గరగర జారి, తోక మీద నుంచి దిగింది. వెనక నీళ్ళు అల్లకల్లోలమయ్యాయి.

"తిప్పమన్నాను కదా" అన్నాడు.

"తిప్పితే పక్కకు జారుద్ది. పక్కకు జారితే దాని నోట్లోకి నువ్వే పోయేవాడివి. నోరు మూసుకుని కూర్చో. లోపలికి నూగు పోద్ది."

జమ్ము ఒక్కసారిగా అయిపోయింది. ఎదురుగా పర్ర తెల్లగా మండుతోంది. "వెనక్కి రా" అని గద్దించింది మరిడమ్మ. శరభాంకుడు ఒక్క గెంతులో తోక వైపు చేరాడు. బరువు వెనక్కి పోయేసరికి ముక్కు గాలిలోకి లేచింది. వెన్ను పెంకుకు తగలకుండా, చదును అడుగు మీద పడవ పెనం మీద వెన్నలా జారింది. అంతా సవ్యంగానే ఉందనుకుంటుండగా పర్ర మీద ఉప్పు కుప్పలు కదిలాయి. ఒక్కొక్క కుప్ప లేచి గుర్రమైంది. ఒక్కొక్క గుర్రం మీద ఒక రౌతు మొలిచాడు. కళ్ళు లేని ముఖాలు, చేతుల్లో తెల్లటి ఈటెలు. ప్రాణం లేని వట్టి ఉప్పు, క్షారకంఠుడి కాపలా.

"ఆపకు" అన్నాడు శరభాంకుడు సంచిలో దాచిన కత్తి దూస్తూ.

"ఆపడం దీనికి రాదని చెప్పానా? ఆగితే మా ఆయన పక్కన చోటుంది నీకు."

మొదటి రౌతును నడుముకు నరికాడు. రెండు ముక్కలూ పరుగెత్తుతూ వచ్చి మళ్ళీ అతుక్కున్నాయి. రెండోవాడి మెడ నరికితే కత్తి అంచు విరిగింది. మూడోవాడు గుర్రాన్ని పడవ పక్కకు ఉరికించి ఈటె ఎత్తి పొడిచాడు. శరభాంకుడు పక్కకు వాలాడు. ఈటె అతని కాళ్ళ మధ్య నుంచి పడవ అడుగును తొలుచుకుపోయి, మొన విరిగి అక్కడే ఉండిపోయింది. ఇక లాభం లేదని చేతికి దొరికిన మంచినీళ్ళ తోలుసంచి విప్పి వాడి ముఖాన కొట్టాడు.

వాడి ముఖం జారిపోయింది. ముందు ముక్కు, తరువాత గడ్డం, తరువాత భుజం. అరుపు లేదు. సన్నగా చుయ్‌మని చప్పుడు. కాసేపటికి గుర్రం మీద రెండు కాళ్ళు మిగిలాయి, అవీ పోయాయి. మిగతా రౌతులు గుర్రాలను వెనక్కి తిప్పారు. గెలిచినందుకు శరభాంకుడు సంతోషించలేదు. చెల్లెలికి ఏమవుతుందో కళ్ళారా చూశాడు. తాగే నీళ్ళు ఒక్క బొట్టు మిగలలేదని కూడా అప్పుడతనికి తోచలేదు.

"ముందుకు పో" అని మరిడమ్మ వీపు మీద గుద్దింది. "మడుగొచ్చింది."

అతడు ముక్కు మీద బోర్లా పడ్డాడు. వెన్ను నీళ్ళలోకి దిగి మొదటి అలను రెండుగా చీల్చింది. రెండో తిత్తి తాడు ఊడింది. అలలు తాటిచెట్టంత లేస్తున్నాయి. పడవ ఒకదాన్ని కోసి ఇంకోదాని మీదకు ఎక్కుతోంది. అంతలో అరికాళ్ళకు చల్లగా తగిలింది. చూస్తే అడుగున ఇరుక్కున్న ఈటెమొన లేదు. ఉప్పుమొన కదా, మడుగునీళ్ళు తగిలి కరిగిపోయింది. పిడికెడు కన్నంలోంచి నీళ్ళు ఎగజిమ్ముతున్నాయి.

"దాంట్లో ఏదైనా కుక్కు" అంది మరిడమ్మ.

"ఏమీ లేదు."

"సంచి అడుగున ఉందిగా, మైనపు గుడ్డ. అది కుక్కు."

ఆమెకు ఎలా తెలిసిందని అడగడానికి తీరిక లేదు. శరభాంకుడు సంచి చింపి గుడ్డ తీశాడు. దాన్ని చెల్లెలికి కప్పాలని నెలంతా మైనం పట్టించాడు. మోకాళ్ళ దాకా నీళ్ళొచ్చాయి. కుక్కితే చెల్లెలి మీద కప్పడానికి ఉండదు, కుక్కకపోతే కప్పడానికి తనే ఉండడు. పళ్ళు కొరికి గుడ్డంతా మెలిపెట్టి కన్నంలోకి దిగ్గొట్టాడు. సగం కిందకు దిగి బిగుసుకుంది. నీళ్ళు ఆగాయి.

కాకిబండ మీదకు వచ్చేసింది. "వెనక్కి" అన్న కేక వినగానే ఇద్దరూ తోక మీద పడ్డారు. ముక్కు లేచింది. పడవ అల మీద నుంచి బండ ఏటవాలు మీదకు ఎగిరిపడి, కొమ్మురేకులు నిప్పులు చిమ్ముతుండగా పైదాకా పాకి, తిత్తిలో గాలి అయిపోయి ఆగింది. అడుగున వేలాడుతున్న మైనపు గుడ్డ రాతికి రాసుకుని పీలికలైపోయింది.

మంజీర అక్కడే ఉంది. అంతే చిన్నగా, అంతే భయంగా. ఎండకు ఒళ్ళంతా తళతళమంటోంది. జడ చివర కట్టిన గవ్వలు మాత్రం నిజం గవ్వలే. శరభాంకుడు ఆమె ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ముట్టుకుంటే ఏమవుతుందోనని చేతులు దగ్గరదాకా తీసుకెళ్ళి ఆపుకున్నాడు. అతడికి ఏడుపొచ్చింది. ఆ ఏడుపు ఆమె మీద పడకూడదని ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

అప్పుడే ఎండ పోయింది. పడమటి మేఘం తలమీద నిలబడింది. మొదటి చినుకు బండ మీద పడింది. రెండోది మంజీర చెవితమ్మె మీద పడి, చిన్న గుంట చేసి జారిపోయింది.

"పడవ తిరగెయ్యాలి. పట్టు" అని అరిచాడు.

మరిడమ్మ చేతులు కట్టుకుని నిలబడింది. "నువ్వే తిరగెయ్యి. నేను చెయ్యి వెయ్యను."

తిట్టడానికి కూడా సమయం లేదు. శరభాంకుడు తన పంచె ఊడదీసి చెల్లెలి మీద పట్టి, పళ్ళతో ఒక చెంగు బిగించి, కాలితో మూడో తిత్తిని పడవ అంచు కిందకు తోశాడు. తిరిగి వెళ్ళడానికి ఉన్న ఒక్క గాలీ అదే. విరిగిన కత్తితో తోలును ఈ కొస నుంచి ఆ కొసకు చీల్చాడు. గాలి ఒక్కపెట్టున పేలింది. పడవ చేటలో బియ్యం ఎగిరినట్టు ఎగిరి, గాలిలో తిరగబడి వాళ్ళ మీదకు దిగింది. అంచు ఆ పిల్ల తలకు తగిలితే ఇంత కష్టమూ బూడిదే. అతడు వంగి అడ్డంగా వీపు పెట్టాడు. ఎముక చిట్లిన చప్పుడయింది. పట్టిన పట్టు విడవకుండా అంచును భుజం మీద నుంచి మెల్లగా దించి, ముక్కును ఒక రాతికి ఆనించాడు.

వాన విరుచుకుపడింది. ముక్కు వైపు అడుగున ఉన్న వెన్ను ఇప్పుడు ఇంటికప్పు వెన్నయింది. నీళ్ళు దాని మీద పడి రెండు పక్కలకూ జారిపోతున్నాయి. కింద మంజీర పొడిగా ఉంది. పళ్ళెం పడవ తెచ్చుకుని ఉంటే ఆ చదును మీద నీళ్ళు మడుగు కట్టి ఎక్కడో ఒకచోట కారేవి. శరభాంకుడు వానలో నిలబడి, విరిగిన భుజం పట్టుకుని, వెర్రివాడిలా నవ్వాడు.

ధప్పున చప్పుడయింది. మరిడమ్మ వెళ్ళి పడవ మీద కూర్చుంది. బాడిస ఒళ్ళో పెట్టుకుంది.

"నవ్వింది చాలు రాకుమారా" అంది.

అతడి నవ్వు ఆగిపోయింది.

"ఉప్పు సంచి తడి ఒడ్డున దించిన ఉప్పు బేరగాణ్ణి నా జన్మలో చూడలేదు. ఉప్పు మీద ప్రేమ లేనోడికి ఆ సంచిలో ఇంకేదో ఉండాలి. మైనం వాసన ఒడ్డునే కొట్టింది. ఇప్పుడు విను. ఇది నా పడవ. బోర్లించింది నువ్వు. దాని కింద ఉన్నది నాది. పో, మీ నాయనకు చెప్పు. వెన్నేటికి కట్టిన రాతికట్ట తెగి మా చెరువుకు మంచినీళ్ళు వచ్చేదాకా ఈ పిల్ల నా పడవ కిందే ఉంటాది."

"మరిడమ్మా, అది పసిపిల్ల."

"పర్రలో దిగబడినోడూ ఒక పిల్లకు తండ్రే. ఆ పిల్ల ఉప్పునీళ్ళు తాగి పోయింది. మీ కోటలో ఎవరైనా ఏడ్చారా?"

శరభాంకుడు విరిగిన కత్తి ఎత్తాడు. ఎత్తి ఏం చేస్తాడు? ఆమెను నరికితే ఈ మడుగు దాటించేవాళ్ళు లేరు. నరకకపోతే చెల్లెలు తాకట్టు. కట్ట తెంచమంటే తండ్రి ఏమంటాడో అతడికి తెలుసు. కూతురి కోసం సింహాసనం దిగనివాడు చెరకుతోట వదులుతాడా?

అంతలో మడుగు మీద తెల్లటి దుమ్ము సుడి లేచింది. వానలో తడవకుండా, అలలను తొక్కుకుంటూ బండ వైపు వస్తోంది. దాని నడుమ బూడిద రంగు జడలు, గుహలాంటి నోరు. క్షారకంఠుడు వచ్చాడు.

"పడవ ఎత్తు ముసలీ" అన్నాడు. "తొలకరి పడింది. ఆ పిల్ల నీళ్ళది. నీకూ రాజుకూ పగ కదా. నేను చేస్తున్నది నీ పనే. పక్కకు తప్పుకో."

మరిడమ్మ నత్తు అదిరింది. ఒక్క క్షణం ఆమె కాళ్ళు దిగడానికి నేల వెతుక్కున్నాయి. ఆ ఒక్క క్షణం శరభాంకుడు చూశాడు. ఒడ్డున చూసిన ముసలాయన, చేపల దొంగ, తెడ్డు గుర్తుకొచ్చాయి. అతడు కత్తి పారేశాడు. పాక్కుంటూ పడవ కిందకు దూరిపోయాడు.

"మరిడమ్మా, నేనూ నీ పడవ కిందే ఉన్నాను" అన్నాడు లోపలి నుంచి. "నేనూ నీవాడినే. నా మంచీ చెడ్డా ఇక నీవి."

పై నుంచి బోర్లవాడ మొత్తం సిగ్గుపడేంత బూతు ఒకటి వినిపించింది. బోర్లవాడవాళ్ళు అబద్ధమాడతారు, కొట్టుకుంటారు, తోడబుట్టినవాడి వల కోస్తారు. ఈ ఒక్క కట్టుబాటు తప్పరు. దాని పేరుతోనే పిల్లను తనదని అన్న మనిషి, అదే కట్టుబాటును అతడి దగ్గర ఎలా విడుస్తుంది? పడవ మీద రెండు పాదాలు ఎడంగా నిలబడిన చప్పుడయింది.

"విన్నావుగా జడలయ్యా" అంది మరిడమ్మ. "ఈ వెధవ కూడా నావాడంట. బయటికొచ్చాక నేనే చంపుకుంటాను. కింద ఉన్నంతసేపు ముట్టుకో చూద్దాం."

పిడుగు పడినట్టు పడవ అదిరింది. బాడిస దేనికో తగిలింది. క్షారకంఠుడి కేక మడుగు మీద సాగింది. ఇంకో దెబ్బకు కన్నంలో కుక్కిన మైనపు పీలిక వదులైంది. నీటిబొట్టు ఒకటి దాని కొసన ఊగి, సరిగ్గా మంజీర తల మీదకు జారబోయింది. శరభాంకుడు మంచి చెయ్యి చాపి అరచేతిలో పట్టాడు. ఇంకోటి పడింది, ఇంకోటి. పైన ఎవరు గెలుస్తున్నారో అతడికి తెలియదు. వెళ్ళి సాయపడడానికి లేదు, ఆ చెయ్యి తీయడానికి లేదు. చూస్తుండగానే అరచెయ్యి నిండిపోయింది. పారబోస్తే చెల్లెలి మోకాళ్ళ కిందకే పారుతుంది.

పొద్దుటి నుంచి గొంతు తడవలేదని అప్పుడు గుర్తొచ్చింది. ఆ నీళ్ళు తాగేసి, చెయ్యి మళ్ళీ చెల్లెలి తల మీద పట్టాడు.